చల్లారాక చెబుతాను

రంగుల దుకాణంలో రంగులు కలిపే ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో అందరికీ ఆయన రంగులాయనే. ఏ రంగు వేస్తే గది విశాలంగా కనబడుతుందో, ఏ రంగు వేస్తే చుట్టాలు తొందరగా లేచి వెళ్తారో ఆయనకు తెలుసని ప్రతీతి. మీసం నెరవక ముందు నుంచీ చేస్తున్న ఈ పనిలో ఆయన నమ్ముకున్న సూత్రం ఒకటే: తడి రంగు అబద్ధం చెబుతుంది. డబ్బాలో ఒకలా, గోడ మీద తడిగా ఉన్నప్పుడు మరోలా కనబడి, పూర్తిగా ఆరాక గానీ అది తన అసలు రూపం బయటపెట్టదు. అందుకని ఎవరొచ్చి ఏ రంగు గురించి అడిగినా, ఒక చెక్కముక్క మీద పూత పూసి, కిటికీలో పెట్టి, సాయంత్రం రమ్మనేవాడు. పెళ్ళికి ముందు, అమ్మాయి నచ్చిందా అని అడిగినప్పుడు కూడా "కాస్త ఆగి చెబుతాను" అన్నాడు. ఆ ఆగడాన్ని అత్తగారు ఇప్పటికీ మర్చిపోలేదు.

భార్య కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంటుంది. రోజంతా ఊరందరి కోపం చెవిలో పోయించుకుని వచ్చే మనిషి కాబట్టి ఇంట్లో పొదుపుగా మాట్లాడుతుంది. మొగుడు వంటలో ఉప్పు తక్కువైందన్నా, తమతోనే ఉండే తల్లి మోకాళ్ళ నొప్పులన్నా ఆమె సమాధానం ఒక్కటే: ఫిర్యాదు నమోదైంది.

ఈ ప్రశాంత సంసారంలోకి గత చలికాలం ఒక ఎస్ప్రెసో యంత్రం దిగింది. ఎక్కువ డబ్బాలు అమ్మినందుకు రంగుల కంపెనీవాళ్ళు ఇచ్చిన బహుమతి అది. రంగులాయన దాన్ని చూసిన క్షణంలోనే తన జీవితం ఇన్నాళ్ళూ దేనికి సాధన చేస్తోందో గ్రహించాడు. పాళ్ళు, మేళవింపు, ఓర్పు: కాఫీకైనా గోడకైనా కావలసినవి అవే కదా. అయితే యంత్రానికి ప్లగ్గు కావాలి, వెలుతురు కావాలి. రెండూ ఉన్నది వంటగది కిటికీ పక్కనున్న గట్టు మీదే. అక్కడ అత్తగారి మిక్సీ కాపురముంటోంది. చర్చలు విఫలమయ్యాక మిక్సీని ఫ్రిజ్ మీదికి పంపించారు. అత్తగారు పొట్టి మనిషి. అప్పటి నుంచీ ఆమె ప్రతి పచ్చడికీ ముక్కాలిపీట ఎక్కి, దిగి, ఎక్కినప్పుడొకటి, దిగినప్పుడొకటి అల్లుణ్ణి దీవిస్తూ వచ్చింది.

చివరికి భార్యే ఒప్పందం కుదిర్చింది. ఎండలు ముదిరేలోగా తను ఒక్క కప్పు కాఫీ అడుగంటా తాగగలిగితే యంత్రం ఉంటుంది. లేకపోతే అటకెక్కుతుంది, మిక్సీ తన పూర్వపు గట్టుకు తిరిగొస్తుంది.

ఎస్ప్రెసో కప్పంటే ఎంతని, రెండు గుక్కలు. మొదటి గుక్క ఆమె ధర్మంగా తాగేది. రెండోది కిటికీలో ఉన్న మొక్కకు పోసేది. కాబట్టి ఆ ఇంట్లో యుద్ధమంతా ఒక్క గుక్క మీద నడిచిందని చెప్పాలి. మొక్క మాత్రం ఏపుగా పెరిగింది. దానికి కంటి మీద కునుకు ఉండటం లేదని అత్తగారి అనుమానం.

చలికాలం కాఫీ తనకు పుల్లగా తగిలిందని భార్య ముందే నమోదు చేసింది. రంగులాయన ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. గింజలు వేయించి అమ్మే ఆసామి దగ్గరికెళ్ళి వేసవికి ఏది నప్పుతుందని అడిగాడు. నల్లగా మాడిన గింజ ఎండల్లో బరువుగా ఉంటుందనీ, లేతగా వేయించిన గింజలో పళ్ళ పులుపు, పూల వాసన నిలిచి ఉంటాయనీ, రెండూ కలిపి చూసుకోమనీ ఆయన చెప్పాడు. కలపడమన్న మాట చెవిన పడ్డాక రంగులాయన్ని పట్టడం ఎవరితరం. ముదురు వేపుడును, అన్ని రంగులకూ మూలమైన తెల్ల రంగు డబ్బాలా ముందు పెట్టుకుని, లేత వేపుడును చెంచా చెంచా చొప్పున అందులో పడేస్తూ పోయాడు. లేత గింజ గట్టిది. దాన్ని మర ఆడిస్తుంటే, గోడకు బెజ్జాలు ఎవరు కొట్టిస్తున్నారని పక్కింటివాళ్ళు వచ్చి అడిగారు. పొడి బరకగా ఉంటే నీళ్ళు ఆగకుండా జారిపోయి కాఫీ పుల్లగా వచ్చేది. మరీ మెత్తగా ఆడితే యంత్రం మూలిగి మూలిగి వేసవిలో వీధి కొళాయిలా చుక్క చుక్కగా వదిలేది. పైన తేనెరంగు నురగ కట్టి, ధార ఎలక తోకంత సన్నగా దిగిన రోజున ఆయన దుకాణానికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

ఇక్కడ ఆయన రహస్యం ఒకటి చెప్పాలి. ఏ మేళవింపునైనా పొద్దున్న తీసి, కప్పు మీద సాసరు మూసి, కిటికీలో పెట్టి పనికి వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చి, చేతులు కడుక్కుని, కళ్ళు మూసుకుని చప్పరించేవాడు. పొగలు కక్కే కాఫీ ఆయన లెక్కలో తడి రంగు, దాని మాట నమ్మకూడదు. అలా చల్లగా నెగ్గిన మేళవింపును మర్నాడు పొద్దున్నే వేడివేడిగా భార్యకు ఇచ్చేవాడు. ఇందులో ఏదైనా తేడా ఉందేమోనన్న ఆలోచన ఆయనకు ఒక్కనాడూ రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక్కో మేళవింపులో కుంచె ముంచి, వంటగది తలుపు వెనక గోడ మీద ఒక్కో మచ్చ కూడా వేశాడు, రంగు చూసుకోవడానికి. ఆ మచ్చలు రోజురోజుకూ పెరగడం గమనించిన అత్తగారు అది చెమ్మ అనుకుంది. చెమ్మ అంటే పై అంతస్తువాళ్ళ స్నానాలగదేనని తేల్చుకుని, వాళ్ళావిడతో మాటలు మానేసింది. ఆవిడ మెట్ల మీద ఎదురుపడితే ఈవిడ సీలింగు వైపు చూసేది.

గడువు ఆదివారం వచ్చింది. రంగులాయన ఎన్నడూ లేనంత శ్రద్ధగా పొడి దట్టించి, ధార తీసి, కప్పు భార్య ముందు పెట్టాడు. ఎదురుగా అత్తగారు మిక్సీని అప్పుడే కిందికి దించి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భార్య కప్పు పెదవుల దాకా తెచ్చింది. ఫోను మోగింది. ఎండకు ఎక్కడో ట్రాన్స్‌ఫార్మరు పేలిందట, సగం ఊరికి కరెంటు లేదట, సెలవులో ఉన్నవాళ్ళంతా రావాలట. ఆమె కప్పు దించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

తాగలేదు కాబట్టి ఓడినట్టేనని అత్తగారు వాదించింది. వాయిదా పడ్డదే తప్ప తీర్పు రాలేదని అల్లుడు వాదించాడు. చాలాసేపటికి ఒక రాజీ కుదిరింది: సాయంత్రం ఆమె వచ్చాక ఇదే కప్పు తాగాలి, కొత్తది తియ్యకూడదు. అల్లుడు ఈలోగా కప్పు మార్చేస్తాడేమోనన్న భయంతో, అత్తగారు దాన్ని సాక్ష్యం కింద ఫ్రిజ్‌లో పెట్టి, దాని తలుపుకు ఎదురుగా, మిక్సీతో సహా, కుర్చీ వేసుకుంది. చల్లని కాఫీని తన కూతురు ముట్టదని ఆమెకు గట్టి నమ్మకం.

సాయంత్రం భార్య వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. ఊరందరికీ క్షమాపణలు చెప్పీ చెప్పీ ముఖం వాడిపోయి ఉంది. నేరుగా వెళ్ళి నీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచింది. ముందు కనబడ్డ కప్పు తీసి, ఎత్తి, ఒకే గుటకలో తాగేసింది. తర్వాత కప్పులోకి తొంగి చూసింది.

"ఇంతేనా? ఇంకా లేదా?"

అత్తగారి ఒళ్ళో మిక్సీ మూత జారి కింద పడింది.

"ఇంత బాగుంటే ఇన్నాళ్ళూ దాచిపెట్టి నాకా వేడి పులుపు ఎందుకు పోశారండీ?" అంది భార్య.

"అదీ ఇదీ ఒకటే కదా," అన్నాడు రంగులాయన.

"ఒకటేంటి? మీరెప్పుడూ వేడిగా తాగలేదా?"

"వేడిగా ఎలా తాగుతాం? అప్పుడే ఏం తెలుస్తుంది?"

భార్య ఆయన చేతే ఒక కప్పు తీయించి, పొగలు పోకముందే ఆయన చేతికిచ్చింది. రంగులాయన తన వేసవి కృషి ఫలాన్ని జీవితంలో మొదటిసారి వేడిగా ఒక గుక్క తాగాడు. ముఖం కదలకుండా నిలబెట్టడానికి చాలా పాటుపడ్డాడు. ఆ తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, నింపాదిగా మొక్క దగ్గరికి నడిచి వెళ్ళాడు.

భార్య నవ్వింది. గొంతు సరిగా లేదు కాబట్టి ఆ నవ్వు కుక్కర్ ఆవిరిలా వచ్చింది. నవ్వు ఆగాక తీర్పు చెప్పింది. ఒప్పందంలో వేడి అన్న మాట లేదు కాబట్టి యంత్రం గెలిచింది. అయితే చల్లగా తాగేది ఎండలున్నంత వరకే కాబట్టి, చలి మొదలైన రోజున గట్టు మిక్సీది. ఈలోగా మిక్సీ కావలసినప్పుడల్లా కిందికి దించి, మళ్ళీ పైకెక్కించే బాధ్యత యంత్రం యజమానిది. రంగులాయన చేతులు జోడించి ఒప్పుకున్నాడు. ఆ ఊపులో ఉన్నాడు కాబట్టి, కష్టమంతా చూపించాలని ఇద్దర్నీ తలుపు వెనక్కి తీసుకెళ్ళి మచ్చలు కూడా చూపించాడు.

అత్తగారు మచ్చల వైపు చూసింది. సీలింగు వైపు చూసింది. మళ్ళీ మచ్చల వైపు చూసింది.

"ఇది చెమ్మ కాదా, బాబూ?"

"కాదండీ, కాఫీ. అదిగో, ఆ చివరిదే ఇవాళ్టిది."

ఆమె రెండు గ్లాసుల్లో ఐసు ముక్కలు వేసి, వాటి మీద కాఫీ తీసి, కొంచెం చక్కెర కలిపి పొయ్యమని అల్లుడికి పురమాయించింది. ఒక గ్లాసులోంచి తను ఒక గుక్క తాగి చూసింది. అల్లుడు ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆయన రంగులు కలిపిన ఇన్నేళ్ళలో ఎవరి మాట కోసమూ అంతగా ఎదురుచూసి ఉండడు.

"ఎలా ఉందండీ, అత్తయ్యగారూ?"

ఆమె రెండు గ్లాసులూ పట్టుకుని, పై అంతస్తువాళ్ళావిడతో సంధి చేసుకోవడానికి గుమ్మం దాటి, మొదటి మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"కాస్త ఆగి చెబుతాను," అంది.