బేళ్లు పట్టని బండి

మా ఇంట్లో బండి అంటే బట్టల బేళ్లు మోసేది. బేళ్లు ఎక్కించాక ఖాళీ మిగిలితే మనుషులు కూడా ఎక్కొచ్చు, అభ్యంతరం లేదు.

విజయవాడ వన్‌టౌన్‌లో మాకు చేనేత చీరల కొట్టు ఉంది. తాత పెట్టాడు, నాన్న నడుపుతున్నాడు. నేను పగలు కాలేజీలో కామర్స్ చెప్పి, అందులో ఏదీ వ్యాపారానికి పనికిరాదని సాయంత్రాలు కొట్లో కూర్చుని తెలుసుకుంటూ ఉంటాను. పద్నాలుగేళ్లు మా దగ్గర ఒక వ్యాను ఉండేది. దాని వెనక సీటు ఒకసారి మడిస్తే మళ్లీ లేవదు. లేపాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు.

ఆ వ్యానులో కుటుంబసమేతంగా చేసిన విహారయాత్రల్లో చెప్పుకోదగ్గది మా సముద్రస్నానం. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. వాడరేవుకని బయల్దేరాం. చీరాల మీదుగా వెళ్లాలి. చీరాల చేనేతకు పేరున్న ఊరు. "ఐదు నిమిషాలు," అన్నాడు నాన్న. మూడున్నర గంటల తర్వాత వ్యాను నిండా బేళ్లు, బేళ్ల మీద నిద్రపోతున్న మా అమ్మాయి. సముద్రం అక్కణ్ణించి ఆరేడు కిలోమీటర్లు. గాలి ఇటు మళ్లినప్పుడు ఉప్పు వాసన వచ్చింది కూడా. దాంతో సరిపెట్టుకుని ఇంటికి వచ్చేశాం. దారి పొడవునా మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. పెళ్లైనవాళ్లకు ఈ వాక్యం వివరించక్కర్లేదు.

కిందటేడు వ్యాను వారధి మీద ఆగిపోయింది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, మళ్లీ నెమ్మదిగా దించేసి, "మంచి బండండీ, ఒకప్పుడు," అన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆవిడ పెరుగు వడ్డిస్తూ ప్రకటించింది.

"ఈసారి కొనే బండి ఇసకలో దిగాలండీ. బురదలో నడవాలి. సముద్రం ఒడ్డున గుడారం వేసుకుని ఒక రాత్రి పడుకోవాలి. ఆ రాత్రి ఎవరూ కొట్టు మాట ఎత్తకూడదు."

మా ఆవిడది మంగళగిరి. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టింది. మగ్గం చప్పుడుకు నిద్రలేచి, మగ్గం ఆగితే నిద్రపోయి పెరిగింది. పెళ్లై వచ్చి చీరల కొట్టున్న ఇంట్లో పడింది. "పుట్టినప్పట్నించీ బట్టల మధ్యే ఉన్నాను. ఒక్క రోజు కట్టుకున్న బట్ట చాలు నాకు," అంది. నవ్వుతూనే అంది గానీ గరిటె గిన్నెలో పెట్టిన చప్పుడు నవ్వులా లేదు.

నాన్న పెరుగన్నం కలుపుకుంటూ, "అట్టాగేనమ్మా," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎన్ని బేళ్లు పడతయ్‌రా అట్టాంటి దాంట్లో?" అన్నాడు.

ఇంట్లో ఏ పెద్ద వస్తువు కొన్నా ఆఖరి మాట నాన్నది. కాబట్టి బండి చూడ్డానికి అందరం వెళ్లాం. అమ్మ మాత్రం రానంది. "మీరు నలుగురూ వెళ్లండి. ఒక్క పూట కొట్టు నాకు ప్రశాంతంగా వదిలిపెట్టండి," అంది. అమ్మకు విహారయాత్ర అంటే నాన్న లేని కొట్టు.

నేను అప్పటికే సిద్ధంగా ఉన్నాను. మూడు వారాలపాటు వీడియోలు చూశాను. గడ్డాలున్న మనుషులు బండ్లతో వాగులు దాటి, అవతలి ఒడ్డున నిలబడి కాఫీ కాచుకునే వీడియోలు. నాలుగు చక్రాలకూ శక్తి ఎప్పుడు ఇవ్వాలో, బండి అడుగుకీ నేలకీ ఎంత ఎడం ఉండాలో నాకు కంఠతా వచ్చు. బందరు రోడ్డు మీద గుంట వస్తే మాత్రం కళ్లు మూసుకుంటాను.

బెంజ్ సర్కిల్ దగ్గర మొదటి షోరూములో ఏడు సీట్ల పెద్ద బండి చూపించారు. నాన్న ముందుగా సీటు బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. "ఉతికితే జిగి పోద్ది," అన్నాడు. సేల్స్ ఆయన ఇంజను గురించి చెప్పబోయాడు. నాన్న విన్లేదు. అప్పుడు ఆయన ఒక మీట నొక్కి వెనక రెండు వరసల సీట్లూ పడుకోబెట్టాడు. నాన్న మొహం వెలిగింది. చెప్పులు విప్పి లోపలికి పాకి, జానలతో కొలిచి, అటు నుంచి కేకేశాడు. "ఒరే, పద్దెనిమిది పడతయ్!"

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఏమండీ, బేళ్లు పట్టే బండి కొంటే ఇంక అందులో మనం పట్టం. అర్థమైందా?"

అర్థమైంది. ఎమ్‌కామ్ చేసినవాణ్ణి. ఆమెకు కావాల్సింది ఏ కొండనైనా ఎక్కే బండి, ఏ సరుకూ పట్టని బండి. ప్రపంచంలో బండి కొనేవాళ్లంతా వెనక ఎంత చోటుందని అడుగుతారు. ఎంత చోటు లేదని వెతుక్కుంటూ వెళ్లిన కుటుంబం మాదొక్కటేనేమో.

రెండో చోట వెనక తెరిచిన తొట్టి ఉన్న బండి చూపించారు. సాహసయాత్రలకు వెళ్లేవాళ్లు దాన్ని తెగ ఇష్టపడతారట. నాన్న ఆ తొట్టి చూసి సేల్స్ ఆయన భుజం మీద చెయ్యేసి, "బాబూ, మీదే ఊరు?" అని అడిగాడు. పెళ్లి సంబంధం మాట్లాడతాడేమోనని భయపడి మా ఆవిడ అందర్నీ బయటికి నడిపించింది.

మూడో షోరూములో మాకు తగిలినావిడకు నలభై ఏళ్లుంటాయి. కాటన్ చీర, మెడలో ఐడీ కార్డు, మొహంలో ఏ భావమూ లేదు. నాన్న యథాప్రకారం బేళ్లు అన్నాడు. మా ఆవిడ యథాప్రకారం గుడారం అంది. ఆవిడ ఇద్దర్నీ ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా, మూలనున్న ఒక పొట్టి బండి దగ్గరకు తీసుకెళ్లింది. పక్కకు రెండే తలుపులు. ఎత్తుగా, చదరంగా, కోపంగా ఉంది. సీట్లు నాలుగే. నాన్న వెనక తలుపు తీసి లోపలికి చూసి, ఇంకేదన్నా తలుపుందేమోనని చుట్టూ చూశాడు.

"ఇదేంటమ్మా, ఇంతేనా చోటు?"

"అంతేనండీ బాబాయిగారూ. రెండు క్యారేజీలు, ఒక గొడుగు," అందావిడ. జరీ అంచు చూపించేటప్పుడు మా కొట్లో వాడే గొంతు అది.

ఆ వారంలో మా ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

"మరి గుడారం ఎక్కడ పెడతారు?" అన్నాడు నాన్న. దొరికిపోయారు అన్నట్టు.

"పైన క్యారియర్ వస్తుందండీ."

"పైనా!" నాన్న తలెత్తి పైకప్పును ఒక చూపు చూశాడు. "అయితే అక్కడ ఓ నాలుగు బేళ్లు…"

"అంత బరువు పైన పెడితే మలుపులో పల్టీ కొట్టుద్దండీ," అందావిడ రెప్ప వేయకుండా. తర్వాత బండితో ఇచ్చిన పుస్తకంలో చూశాను. అది నిజమే. కానీ ఆవిడ చెప్పిన వేగానికి నాన్న నమ్మలేదు. "ఈవిణ్ణి మన కొట్లో కూర్చోబెట్టాలిరా," అని నా చెవిలో అన్నాడు. మా నాన్న ఇంకొకరిని ఇంతకంటే మెచ్చుకోగా నేను వినలేదు.

నడిపి చూస్తామంటే సిటీ రోడ్డు మీద తిప్పడం వాళ్ల పద్ధతి. బెంజ్ సర్కిల్లో సాయంత్రం ఆరింటికి బండి నడపడం కూడా సాహసయాత్రే అనుకోండి, కాదనను. కానీ మా ఆవిడ బురద కావాలంది. షోరూము ఆవిడ క్షణం ఆలోచించి, మమ్మల్ని కంకిపాడు దాటించి ఒక కాలవ గట్టు మీదికి తిప్పింది. ముందురోజు వాన పడింది. మా నల్లమట్టి తడిస్తే ఎడ్లు కూడా ఆలోచించి అడుగేస్తాయి. ఆవిడ ఒక చిన్న మీట వెనక్కి లాగి, చీర చెంగు బొడ్లో దోపుకుని, గట్టు ఏటవాలుగా దింపి, చేలో నుంచి తిప్పి, మళ్లీ పైకి ఎక్కించింది. వెనక మా ఆవిడ ఒళ్లోంచి మా అమ్మాయి "ఇంకోసారి!" అని అరిచింది. ముందు సీట్లో నాన్న రెండు చేతులతో పిడి పట్టుకుని, మాట లేకుండా కూర్చున్నాడు. నా ఎరుకలో ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అప్పుడే.

దిగాక, "పర్లేదు," అన్నాడు. మా వ్యాపారంలో కొనేవాళ్లు పర్లేదు అన్నారంటే చీర కవర్లో వెయ్యొచ్చు. అయినా నాన్న ఆ వెనక తలుపు మళ్లీ తీశాడు, మళ్లీ మూశాడు. మనసొప్పడం లేదు.

"ఇంకో మోడల్ ఉందండీ, కొంచెం పొడుగుది. చూస్తారా?" అంది షోరూము ఆవిడ. అమ్మకం ధర్మం కాబట్టి అడిగింది.

అప్పుడు నాన్న మా ఆవిడ వైపు చూశాడు.  బురద కొట్టుకున్న బానెట్ మీద చెయ్యి పెట్టి, చేల వైపు చూస్తూ నిలబడింది. ఆ చెయ్యి తియ్యలేదు.

ఇక్కడ మా కొట్టు సంగతి ఒకటి చెప్పాలి. వచ్చినవాళ్ల ముందు యాభై చీరలు విప్పినా నాన్న వాళ్ల మొహాలు చూడడు, చేతులు చూస్తాడు. చూస్తూ చూస్తూ ఒక చీర మీద చెయ్యి ఆగుతుంది. నోరు ఇంకా వేరేవి చూపించమంటుంది గానీ చెయ్యి అక్కణ్ణించి లేవదు. ఆ తర్వాత ఇంకో మడత విప్పకూడదు. విప్పితే పాపం. నాకు చిన్నప్పుడు ఎక్కాలకంటే ముందు నేర్పిన పాఠం ఇది.

నాన్న ఆ చేతిని చాలాసేపు చూశాడు. 

"ఇంక విప్పొద్దమ్మా," అన్నాడు షోరూము ఆవిడతో. "ఇదే ఇచ్చెయ్యి."

మొదటి ప్రయాణానికి నాన్నను కూడా రమ్మంది మా ఆవిడ. నేను ఆశ్చర్యపోయాను. "ఆయన్ని ఇంట్లో వదిలేస్తే గంటగంటకీ ఫోనొస్తుందండీ. తీసుకెళ్తే మనిషొస్తాడు. మనిషే నయం," అంది.

ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక గంటసేపు ఎద్దుబండి వేగంతో వెళ్లాం. ప్రతి ఊళ్లోనూ నాన్న బట్టల కొట్ల బోర్డులు పైకే చదవబోయి, అద్దంలో కోడలి కళ్లు చూసి, మందుల షాపు బోర్డులు చదివాడు. బందరు దాటి, సరుగుడు తోటల మధ్య ఇసక దారి పట్టాం. అక్కడ నేను వీడియోల్లో చూసిన విద్య అంతా చూపించాను. బండి ఇరుసుదాకా దిగబడింది.

"బేళ్లు వేసుంటే బరువుకి పట్టు దొరికేది," అన్నాడు నాన్న. అదొక్కటీ ఆపుకోలేకపోయాడు.

వల భుజాన వేసుకుని పోతున్న ఒకాయన ఆగి చూసి, "టైర్లలో సగం గాలి తియ్యండి సార్," అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. తీశాం. బండి లేచి నడిచింది. మూడు వారాల చదువును ఆయన నడుస్తూ చెప్పేశాడు.

గుడారం దింపాక మేకుల కోసం వెతుకుతుంటే ముందు సీటు కింద నా చేతికి ఒక సంచి తగిలింది. ఏడు చీరలు. నాన్న నాకేసి చూశాడు. నేను నాన్నకేసి చూశాను.

"దారిలో ఎవరన్నా అడిగితే ఉంటయ్ గదా అని," అన్నాడు నెమ్మదిగా. "కోడలికి చెప్పకు." సంచి వెనక్కి తోసేశాను.

ఆ సాయంత్రం కొట్టు మాట ఎవరూ ఎత్తలేదు. నాన్న రెండుసార్లు ఎత్తబోయి దగ్గాడు. గుడారం బట్ట నలిపి చూసి, కోడలు గమనిస్తోందని తెలిసి, చేతికంటిన ఇసక దులుపుకుంటున్నట్టు నటించాడు. మనవరాలు నీళ్లలోంచి రానంటే వెళ్లి తనూ దిగాడు. మా ఆవిడ ఎండుపుల్లలతో పొయ్యి వెలిగించి, పులుసు మాడ్చి, మాడిందని ఎవరైనా అంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు. తెల్లారేదాకా అలల చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. మగ్గం చప్పుడుకే నిద్రలేచి పెరిగిన మా ఆవిడ, ఎండ గుడారంలోకి వచ్చాక గానీ లేవలేదు.

టీ తాగుతుంటే చేపల బుట్టతో ఒకామె వచ్చింది. చేపల బేరం అయిపోయాక, మా ఆవిడ చీర చెంగు పట్టుకుని చూసి, వదల్లేదు.

"ఎంత బాగుందమ్మా! ఎక్కడ తీసుకున్నావ్? వచ్చే నెల్లో మా పిల్ల పెళ్లి. ఇట్టాంటియ్యి ఓ ఐదారు కావాల."

నేను బండి వైపు చూడకుండా ఉండటానికి సముద్రం వైపు చూశాను. మా ఆవిడ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. అడిగిన మనిషి ఎదురుగా ఉంది. చెయ్యి చీర మీద ఆగి ఉంది. సరుకు పది అడుగుల దూరంలో ఉంది. నలభై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నవాడు నోరు తెరిచాడు.

"తెలీదమ్మా," అన్నాడు నాన్న. "మేం ఊరికే వచ్చాం."

"ఊరికే ఎవరొస్తారు పెద్దాయనా ఇక్కడికి?"

"మేం వచ్చాం."

ఆమె ఒక నవ్వు నవ్వి, బుట్ట నెత్తికెత్తుకుని పడవల వైపు వెళ్లిపోయింది. ఆమె చిన్నగా కనిపించేదాకా నాన్న అటే చూస్తూ ఉన్నాడు. మొహం పన్ను పీకించుకున్నవాడిలా ఉంది.

"మావయ్యగారూ," అంది మా ఆవిడ. గొంతులో నవ్వో ఇంకేదో ఉంది. "సీటు కింద ఏడున్నాయి. రాత్రే చూశాను."

నాన్న నాకేసి చూశాడు. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను.

"ఉంటే ఉన్నయ్‌లేమ్మా," అన్నాడు. "ఇంకాస్త టీ పొయ్యి."

మా ఆవిడ నిండుగా పోసింది. కొట్లో నాన్న టీ పూర్తిగా తాగగా నేనెప్పుడూ చూడలేదు. సగంలో ఎవరో ఒకరు మెట్లెక్కుతారు, గ్లాసు బల్ల మీద చల్లారిపోతుంది. ఆ పొద్దున ఊదుకుంటూ, ఆగుతూ, అలలకేసి చూస్తూ చివరి గుటకదాకా తాగాడు. తాగి, గ్లాసును ఇసకలో బోర్లించాడు.

"ఏమే, నీళ్లలోకి వస్తావా?" అని మనవరాల్ని పిలుస్తూ పంచె ఎగ్గట్టాడు.