ఆ రోజు కుడి ఇండికేటర్ వెలుగుతూనే ఉంది

మా బంధువుల్లో ఎవరినడిగినా ఒకే కథ చెబుతారు. ఒక ఆదివారం పొద్దున్న మా ఆవిడ నా బండి వెనక కూర్చుని అడ్డదిడ్డంగా చెయ్యి చాపిందని, వెనక వస్తున్న ఆటోవాడు తికమకపడి గుద్దేశాడని, ఆమె మణికట్టు విరిగిందని. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో, చివరికి ఒక పెద్దకర్మ భోజనాల్లో కూడా ఈ కథ నడిచింది. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు పెరుగన్నం దాకా నవ్వారు. అందులో ఆదివారం, ఆటో, విరిగిన ఎముక నిజం. మిగతాది నేను అల్లింది.

నేను స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఇల్లు గోపాలపట్నంలో. మా ఆవిడ నాకు మేనత్త కూతురు, అందుకని పెళ్ళయి ఇన్నేళ్ళయినా నన్ను బావా అనే పిలుస్తుంది. అందులో గౌరవం ఉందనుకునేరు. సాధారణంగా ఆ పిలుపు వెనక తిట్టు వస్తుంది.

నా బండి పాతది. దాని ఇండికేటర్లు ఉప్పుగాలికి, దుమ్ముకి మసకబారిపోయి, ఎండలో వెలిగాయో లేదో నాకే అనుమానంగా ఉండేది. పైగా వెనక ఆవిడ చీర కొంగు, చేపల సంచి అడ్డం. అందుచేత ఆ పని ఆమె చెయ్యే చేసేది. ఎడమకి తిరగాలంటే ఎడమ చెయ్యి నిండుగా చాచి, వేళ్ళు విప్పి పట్టుకునేది. ఎవడైనా మరీ దగ్గరగా వస్తే అరచెయ్యి కిందకి ఊపేది. అప్పటికీ వినకపోతే వెనక్కి తిరిగి చూసేది. ఆ చూపు నాకు బాగా తెలుసు. దానికి బొగ్గు లారీలు కూడా బ్రేకు వేసేవి.

ఒకసారి ప్లాంటులో నాతో పనిచేసే ఒకడు మమ్మల్ని రోడ్డు మీద చూశాడు. మర్నాడు షిఫ్టులో అందరి ముందూ అందుకున్నాడు.

"ఏటి బావా, బండికి ఇండికేటర్లు నేవా? మా సెల్లిని బిగించేసినావు?"

వారం రోజులు అదే గోల. పెద్ద పెద్ద మోటార్లు తిప్పేవాణ్ణి, సొంత బండికి నాలుగు దీపాలు పెట్టుకోలేకపోయానన్న మాట నాకు గట్టిగా గుచ్చుకుంది. ద్వారకా నగర్ వెళ్ళి మంచి ఎల్ఈడీ ఇండికేటర్లు కొన్నాను. వెనకవాటికి ఇనపపట్టీలు కోసి, రంధ్రాలు వేసి, చీరకి, సంచికి అడ్డం రాకుండా బయటికి జరిపాను. బండికి చెవులు మొలిచినట్టు కనిపించింది. నాకు మాత్రం అందంగానే ఉంది.

స్విచ్ నొక్కితే నాలుగూ ఒకేసారి వెలిగి ఆరుతూ కొట్టుకున్నాయి. కుడికి నొక్కినా అంతే, ఎడమకి నొక్కినా అంతే. టీ తెచ్చిన మా ఆవిడ కాసేపు నిలబడి చూసింది.

"ఎటెల్తావో నీకే తెల్దేటి బావా?"

ఎందుకలా అయిందో నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం కూడా లేదు. మీటరు మీద ఒక చిన్న పచ్చ బల్బు ఉంటుంది, ఇండికేటర్ వేసి ఉందని నడిపేవాడికి చెప్పడానికి. నా బండిలో ఆ బల్బు ఒక కాలు కుడివైపు తీగలో, ఒక కాలు ఎడమవైపు తీగలో పెట్టుకుని ఉంటుంది. పాత బల్బులకి దానిగుండా రెండోవైపుకి వచ్చే కాస్త కరెంటు చాలేది కాదు. ఎల్ఈడీలకి ఆ కాస్తే చాలు. కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్లు రెండు వేస్తే తీరిపోయే పని. ఇంట్లో డయోడ్లు లేవు, భోజనం వేళయింది. పచ్చ బల్బు పీకి జేబులో వేసుకున్నాను. ఇక ఎటు నొక్కితే అటే కొట్టుకుంది. దీపాల్ని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషర్ టిక్కుటిక్కుమనేది, ఎల్ఈడీల కోసం వేసిన కొత్తది చప్పుడే చెయ్యదు. అంటే ఊరందరికీ కనబడే ఇండికేటర్లు పెట్టుకుని, వాటి సంగతి నాకొక్కడికే తెలియకుండా చేసుకున్నాను.

"ఇంక నీ చెయ్యి లోపల పెట్టుకో," అన్నాను ఆవిడతో.

"మరి నాను ఎనక కూకోని ఏటి సెయ్యాల?"

"కూర్చో. అంతే."

కూర్చుంది. మలుపు వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి సగం లేచేది, గుర్తొచ్చి మళ్ళీ ఒళ్ళో పడేది. ఆ రోజుల్లోనే రోడ్డు మీద జనం నా బండి వైపు వేలు చూపిస్తుండేవారు. నా పనితనం మెచ్చుకుంటున్నారని తల ఊపి వెళ్ళిపోయేవాణ్ణి. తిరిగాక ఆపడం మర్చిపోయానని వాళ్ళ గోల.

ఆ ఆదివారం ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొనుక్కుని వస్తున్నాం. గోపాలపట్నం దగ్గర రోడ్డు పక్కన ఒక లారీ ఆగి ఉంది. దాన్ని దాటడానికి కుడి ఇండికేటర్ వేశాను. దాటాక ఆపలేదు. కాస్త ముందుకెళితే ఎడమవైపు మా వీధి. అలవాటైన వీధి కదా, ఏమీ వెయ్యకుండానే తిప్పేశాను. మా ఆవిడ మాత్రం అలవాటు చంపుకోలేక ఎడమ చెయ్యి చాపింది. ఆ నిమిషంలో ఆ బండి మీద సరైన సిగ్నల్ ఇచ్చిన మనిషి ఆవిడొక్కతే. వెనక ఆటోవాడు నా కుడి దీపాన్ని నమ్మి ఎడమవైపు నుంచి వచ్చేశాడు. ఆటో ఆమె చేతికి తగిలింది, బండి పడింది, చేపలు రోడ్డంతా పరుచుకున్నాయి.

లేచి చూస్తే, ఎడమవైపు పడున్న బండికి పైకి తేలిన కుడి ఇండికేటర్ నింపాదిగా కొట్టుకుంటోంది. మా ఆవిణ్ణి లేపే ముందు నేను బండిని లేపాను. చూసినవాళ్ళు కంగారనుకుని ఉంటారు. బొటనవేలితో స్విచ్ నొక్కడానికి లేపాను.

"కుడికేసి ఎడమకెల్తే నానేటి సేసేది బాబూ?" అన్నాడు ఆటోవాడు.

"ఎక్కడ వేశాను? ఏదీ, చూపించు!"

జనం వంగి చూశారు. దీపం లేదు. అందరూ ఆటోవాడి మీద పడ్డారు. మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది కూడా అతనే. దారి పొడుగునా "నాను సూసినాను బాబూ, నాను సూసినాను" అని తనలో తను గొణుక్కుంటూనే ఉన్నాడు.

ఆస్పత్రికి మా బావమరిది వచ్చాడు. ఆవిడ తమ్ముడు, పోర్టులో క్రేన్ నడుపుతాడు. అక్క చెయ్యి చూసి మొహం ఎర్రబడిపోయింది.

"ఆటో నంబరు సెప్పు బావా. ఈ రోజు ఆడో నానో."

అప్పుడు అల్లాను ఆ కథ. "వాడిదేం లేదురా. మీ అప్ప అటూ ఇటూ చెయ్యి చాపింది, వాడికి అర్థం కాలేదు." ఒక అమాయకుణ్ణి తన్నులు తినకుండా కాపాడానని చాలాకాలం నన్ను నేను మెచ్చుకున్నాను. అసలు భయం వేరే. తన్నులు పడితే అతను ఇండికేటర్ మాట మళ్ళీ ఎత్తుతాడు.

"అవునేటి బావా? నా సెయ్యి వల్లేనా?" అంది మా ఆవిడ.

"అవును."

నమ్మింది. వెనక కూర్చున్న మనిషికి వెనక ఇండికేటర్ ఎలా కనబడుతుంది?

మర్నాడే డయోడ్లు కొని, పచ్చ బల్బు పెట్టేశాను. కట్టు విప్పే దాకా ఇంట్లో వంట నేనే చేశాను. వీధిలో ఆడవాళ్ళు వాళ్ళ మొగుళ్ళకి నన్ను చూపించారు. ఆవిడ మాత్రం ఆ తర్వాత నా బండి ఎక్కలేదు. షేర్ ఆటోలో కూడా అంచున కూర్చోదు, మధ్యలోకి జరిగి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంటుంది.

ఈ మధ్య ఆవిడ స్కూటరు నేర్చుకుంటానంది. ఇంట్లో జాకెట్లు కుడుతుంది, ఇచ్చి రావడానికి ఆటోలతో విసిగిపోయింది. అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు ఆ మాట ఎత్తింది. బావమరిది పగలబడి నవ్వాడు.

"ఎనక కూకున్నప్పుడే ఆటోని గుద్దించేసినావు అప్పా. ముందు కూకుంటే జనం ఊరొగ్గేత్తారు!"

అందరితో పాటు నేనూ నవ్వాను. ఆవిడా నవ్వింది. "నిజవేలే, నాకెందుకొచ్చింది," అని చెయ్యి కడుక్కోవడానికి లేచింది. కంచంలో అన్నం సగం అలాగే ఉంది.

"తప్పు మీ అప్పది కాదురా, నాది," అన్నాను.

పచ్చ బల్బు దగ్గర్నుంచి స్విచ్ నొక్కడం దాకా మొత్తం చెప్పాను. బావమరిది చేతిలో ముద్ద కంచంలో పడేశాడు. "అయితే ఆటోవోడు సెప్పిందే నిజవా? ఏటి బావా నువ్వు!" అన్నాడు.

మా ఆవిడ తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"కట్టున్నన్నాళ్ళూ వంట సేసినావు గదా. పేమతో సేసినావా, దీనికి సేసినావా?"

"దీనికే."

"అదీ. సారులో రోజూ ఉప్పెక్కువయిపోతంటే, ఈ మడిసి బుర్రలో ఏదో ఉందనుకున్నాను."

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు, ఎవరెవరికి ఆ కథ చెప్పావో వాళ్ళందరికీ ఫోన్ చేసి ఇది చెప్పమంది. చేశాను. చాలామందికి నచ్చలేదు. పాతదే బాగుందన్నారు. మా పెద్దమ్మయితే పెళ్ళాం పోరు పడలేక ఇలా చెబుతున్నానని జాలిపడింది. ఆటో స్టాండులో కూడా అడిగి చూశాను, అతను దొరకలేదు. నోటిమాట చాలలేదు కాబట్టి రాస్తున్నాను.

స్కూటరు నేను నేర్పుతానన్నాను. వద్దంది. తమ్ముడితో గ్రౌండుకి బయల్దేరింది. కనీసం వచ్చి గట్టున నిలబడతానన్నాను.

"వద్దు బావా. నువ్వక్కడుంటే, నాను పడితే ఎవల వల్ల పడ్డానో తెల్దు. నా పడ్డం నన్ను పడనీ."

సాయంత్రం మోచెయ్యి గీరుకుని వచ్చింది. ఏమైందని అడిగాను.

"నానే పడ్డాను," అంది, చాలా గొప్పగా.