తెర చాటు మావయ్య

నూలు మిల్లు స్టోర్సులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరైన మావయ్యకు వైద్యం తెలియదు, కోర్టు వ్యవహారాలు తెలియవు, పెళ్లి సంబంధాల సంగతి అసలే తెలియదు. అయినా ఈ మూడింటి మీదా సలహా చెప్పకుండా ఆయన ఒక్క పూటా కాఫీ తాగి ఎరగడు. అడగాల్సిన పని లేదు. తనే కుర్చీ లాక్కుని "నా మాట విను" అంటాడు. విన్నవాళ్లు నిండా మునిగితే "నేను మంచికే చెప్పాను" అని చేతులు దులుపుకుంటాడు.

అలా విన్నవాళ్లలో ఆయన సొంత చెల్లెలు ఒకతె. కడుపులో నొప్పి అంటే, "ఆస్పత్రికి వెళ్తే కోసి పారేస్తారు, నాలుగు రోజులు ఓర్చుకో" అన్నాడు. అన్న మాట జవదాటని మనిషి, ఓర్చుకుంది. నాలుగో రోజుకి మనిషి లేదు. అదే మిల్లులో ప్యాకింగు చేసే ఆమె కూతురు ఏడాదిగా మావయ్య నోటి నుంచి ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది, తప్పైపోయిందమ్మా అని. ఆయన వచ్చిన ప్రతిసారీ చెల్లెలి ఆయుష్షు అంతేనని నిట్టూర్చి, గ్యాసు సిలిండరు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పి వెళ్తున్నాడు.

ఈసారి మిల్లు వాళ్ల నాటకంలో ఆ అమ్మాయే నాయిక. కథలో మొగుడు అలిగి వెళ్లిపోతే, "ఉత్తరం రాయకు, వాడే దిగొస్తాడు" అని పొరుగింటి మాస్టారు ఆమెకు బుద్ధి చెబుతాడు. ఆమె రాయదు. తనెవరికీ అక్కర్లేదనుకుని మొగుడు ప్రాణం తీసుకుంటాడు. చివరి రంగంలో ఆమె మాస్టారితో, "మీరు మంచికే చెప్పారు. ఆ మంచి మీ దగ్గరే ఉంది. మనిషి నా దగ్గర లేడు" అనాలి.

పక్క తెర చాటున నిలబడి, మరిచిపోయినవాళ్లకు మాటలందించే పనికి ఎవరూ పిలవకపోయినా మావయ్య తగుదునమ్మా అని తయారయ్యాడు. రిహార్సల్సు మొదలైనప్పటి నుంచీ ఆ చివరి మాట ఆయనకు మింగుడుపడలేదు.

"పాపం మాస్టారేం చేశాడు? ఆ ముక్క తీసెయ్యండి" అని నాటకం వేయిస్తున్న టైమ్ కీపరు ప్రాణం తోడేశాడు. టైమ్ కీపరు తియ్యలేదు. మావయ్యకు ఆ పంతం ఎందుకో మేనకోడలికి తెలుసు. తెలియనిదల్లా ఆయనకే.

ప్రదర్శన నాటి సాయంత్రం క్యాంటీను హాలు కిటకిటలాడింది. చివరి రంగంలో ఆమె, మాట గుర్తున్నా, ఒక్క క్షణం ఆగింది. ఆయనకు ఆ సందు చాలు. తెర చాటు నుంచి గుసగుస వచ్చింది.

"మీ తప్పేం లేదు మాస్టారూ, నా రాత ఇంతే."

నాటకంలో లేని మాట అది. ఆమెకు ఒళ్లు మండింది. మాస్టారి వేషంలో ఉన్న ఫిట్టరును వదిలేసి పక్క తెర వైపు తిరిగింది.

"మీరు మంచికే చెప్పారు" అంది. "ఆ మంచి మీ దగ్గరే ఉంది. మా అమ్మ నా దగ్గర లేదు."

కొత్తవాళ్లు ఆమె మాట తడబడిందనుకున్నారు. పాతవాళ్లు తలలు దించుకున్నారు.

తెర పడ్డాక మావయ్య కాగితాలు మడుచుకుంటూ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. ఇప్పుడైనా ఆ మాట అంటాడేమోనని, బుద్ధి లేని ఆశతో, ఆమె నిలబడింది.

"నా మాట విను" అన్నాడు. "అలాంటి మాట జనం వైపు తిరిగి చెప్పాలమ్మా. పక్కకి తిరిగితే వెనక వరసకి వినపడదు."

మర్నాడు ఆయన వచ్చేసరికి ఆమె, ఎప్పుడూ ఆయన లాక్కునే కుర్చీని వీధిలో పెట్టి తలుపు గడియ వేసుకుంది. ఆయన అందులోనే కూర్చుని, ఎలాంటి గడియ కొనుక్కోవాలో పక్కింటివాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు.