గేరు డబ్బాకు పెట్టిన బొట్టు

ఇస్నాపూర్ చౌరస్తా సగం దాటాక మా కారు గేరు మార్చడం మానేసింది. వెనక సీట్లో మా మూడేళ్ల పాప పిల్లికూతలతో ఊపిరి తీసుకుంటోంది. దాని ఒళ్లో ఏనుగు. ఏనుగంటే మందు పీల్చే గొట్టం. మాస్కు తగిలిస్తే తొండంలా ఉంటుందని పాపే దానికి ఆ పేరు పెట్టింది. చిట్కుల్‌లోని మా ఇంటి నుంచి పటాన్‌చెరులో పిల్లల డాక్టరు దగ్గరికి బయలుదేరాం.

మీటర్లో గేరు అంకె మిణుకుమిణుకుమంది. ఇంజను గట్టిగా అరిచింది, బండి మాత్రం కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక లారీ డ్రైవరు తిట్టడానికే దిగివచ్చి, కిటికీలోంచి పాపను చూసి గొంతు తగ్గించాడు.

"స్టీరింగ్ పట్టుకో అక్కా, మేం నూకుతం."

ముగ్గురు కలిసి పక్కకు నెట్టారు. ఆటో పట్టుకుని డాక్టరు దగ్గరికి పోయాం. పాపకు ఆ రోజు ఏమీ కాలేదు. నాకే అయింది. మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చోవాలంటేనే భయమేసేది.

కూర్చోక తప్పదు. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీలోకి ఫోన్ పోనివ్వరు, గేటు దగ్గర పెట్టి పోవాలి. షిఫ్టు అయ్యేదాకా ఆయన నాకు దొరకడు. క్లచ్ లేకుండా గేర్లు తనంతట తనే మార్చుకునే ఈ పాత కారును కొన్నది అందుకే. పాపకు ఊపిరి ఆడనప్పుడు దాన్ని దవాఖానకు చేర్చేది నేనూ, ఈ కారూ.

పటాన్‌చెరులో హైవే వెనక గల్లీలో ఒక పెద్దాయన మెకానిక్. తెల్లగడ్డం, చెవి మీద ఎప్పుడూ టెస్టర్. అందరూ చాచా అంటారు. కారును అక్కడికి లాక్కుపోతే, ల్యాప్‌టాప్ తగిలించి చూసి చెప్పాడు.

"గేర్లు మంచిగున్నయ్, క్లచ్ మంచిగుంది. ఎప్పుడు మారాలెనో గేర్లకు చెప్పే డబ్బా ఖరాబైంది. కాళ్లు బాగున్నయ్ బేటీ, దిమాఖే నడువుమంటలేదు."

కొత్త డబ్బా రావడానికి వారం పట్టింది. ఆ వారం పాప తుమ్మినా నేను లేచి కూర్చున్నాను. ఆటోవాళ్ల నంబర్లు నాలుగు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఈ రాత్రి ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో లేచి దాని ఊపిరి విని వస్తున్నాను. అలవాటైపోయింది.

డబ్బా వచ్చిందని ఫోన్ చేసినప్పుడు చాచా ఒక మాట అన్నాడు. "సార్ గాదు, బండి నువ్వు గద నడిపేది? నువ్వే రావాలె." ఎందుకని అడగలేదు. మా ఆయన డ్యూటీకి పోయాక పాపను తీసుకుని వెళ్లాను.

చాచా బ్యాటరీ వైరు విప్పాడు. దాని పక్కనే చిన్న పుస్తకమంత నల్లటి డబ్బా ఉంది. బోల్టులు తీసి, సాకెట్ లాగి, లోపలి పిన్నులను వెలుతురుకు పట్టాడు. పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పట్టకారుతో వాటి మధ్య నుంచి సన్నటి గోధుమరంగు పీచు ఒకటి లాగి, వేళ్ల మధ్య నలిపి, నా వైపు తిరిగాడు.

"కొబ్బరికాయ యాడ కొట్టినవ్ బేటీ?"

డబ్బా మూత మీద వెలిసిపోయిన కుంకుమ బొట్టు. దాచడానికి ఏమీ మిగల్లేదు.

దసరాకు ఫ్యాక్టరీలో కరెంటు ఆపి, ప్రతి మిషను తలుపూ తెరిచి లోపల బొట్టు పెడతారని మా ఆయన ఏటా చెప్పేవాడు. పైపైన పెడితే మొక్కినట్టు కాదట. మొన్నటి దసరాకు ఆయన అక్కడ పూజలో ఉండగా, నేను ఇంటి ముందు కారు బానెట్ లేపాను. పేరు తెలిసినవాటికీ తెలియనివాటికీ అన్నింటికీ బొట్టు పెట్టాను. ఒక్కటి మరిచిపోతే, పాపతో రోడ్డు మీద ఉన్నప్పుడు ఆ ఒక్కటే ఆగిపోతుందని భయం. తర్వాత బానెట్ కింది ఇనుప పట్టీకి కొబ్బరికాయ కొట్టాను. నీళ్లు కొన్ని వాటంతటవే ఇంజను మీద పడ్డాయి. మిగిలినవి నేనే చెయ్యి తిప్పుతూ అంతటా పోశాను.

అంతా విని చాచా భుజాలు కదిలేలా నవ్వాడు. "దసరా అయిన రెండు మూడు నెలలకు నాకు గిరాకీ. ఒకాయన పాలే పోసిండు. కొబ్బరికాయ టైరు ముందట కొట్టాలె బేటీ, బండి పేగుల మీద గాదు."

"తప్పయింది చాచా."

"తప్పేంది?" అని పాప వైపు చూశాడు. "దువా, అదే నీ మొక్కు, జెర ఎక్కువైంది, గంతే."

కొత్త డబ్బా బిగించి, మా బండి నంబరు అందులోకి ఎక్కించి, నిలబెట్టిన చోటే గేర్లన్నీ ఒకసారి తిప్పించాడు. లోపల టక్కుటక్కుమంది. ఆ తర్వాత డ్రైవర్ సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఇగ డబ్బాకు రోడ్డు మీద నేర్పాలె. నేను నడిపితే నా కాలు నేర్చుకుంటది. రేపు నీ కాలుకు గుంజుకుంట పోతది. కూసో."

ఇందులో ఎంత నిజముందో నాకు తెలియదు. నేను చదివింది కామర్స్.

"భయమైతంది చాచా."

"దానికి గూడ కొత్తనే. ఇద్దరు కలిసి పోండ్రి."

పాపను వెనక దాని సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టాను. చాచా నా పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఈయనే రోడ్డు చూడకపోతే ఎట్లా అనుకున్నాను. బండి కదలగానే మోకాలి మీద ఉన్న ఆయన చేతి వేలు ఒకటి లేచింది. కొంతదూరం పోయాక బండి ఒక్క కుదుపు కుదిపి సాగింది. రెండో వేలు లేచింది. అప్పుడు అర్థమైంది, ఆయన గేర్లను వింటున్నాడు.

"కాలు గట్టిగ నొక్కకు. నువ్వు జల్దీ జేస్తే అది పరేషాన్ అయితది."

భానూర్ రోడ్డులో ఫ్యాక్టరీ బస్సుల వెనక మెల్లగా పోయాం. అద్దంలో చూస్తే పాప కూడా వేళ్లు లేపుతోంది. మొదట చాచా చెయ్యి చూసి, ఆ తర్వాత చూడకుండానే.

"అమ్మా, మూడు!"

"షాబాష్! నీ బిడ్డకు నాకన్న మంచిగ ఇనబడ్తంది" అన్నాడు చాచా, కళ్లు తెరవకుండానే.

తిరిగొస్తూ ఇస్నాపూర్ దాకా పోనిమ్మన్నాడు. చౌరస్తాలో ముందు లారీ ఆగింది, నేనూ ఆగాను. లారీ కదిలింది. నా కాలు బ్రేకు మీది నుంచి లేవలేదు. వెనక హారన్లు.

"కొట్టేటోళ్లను కొట్టనీ. నువ్వు బ్రేకు ఇడువు, అది పోతది."

వదిలాను. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత బండి మెత్తగా పాకింది.

"ఒకటి" అంది పాప.

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి రాగానే కొబ్బరినీళ్ల సంగతి చెప్పేశాను. ఆయన టీ తాగడం ఆపాడు.

"బొట్లు నేను అప్పుడే చూసిన" అన్నాడు. "పండుగ తెల్లారి అద్దం కడిగే నీళ్లు పోద్దామని బానెట్ లేపిన. లెక్కవెట్టిన గూడ. ఇరవై మూడు."

"మరి ఎందుకడగలే?"

"ఏమడుగుత? తుడవబుద్ధి గాలే." కప్పు కింద పెట్టి, "ఆ డబ్బా మీదిది జెర వంకరుండె. సక్కగ దిద్దిన" అన్నాడు.

మొన్న మధ్యాహ్నం పాపకు మళ్లీ పిల్లికూతలు మొదలయ్యాయి. ఏనుగుతో రెండుసార్లు మందు పీల్చినా తగ్గలేదు. ఆయన ఫ్యాక్టరీ లోపల, ఫోన్ గేటు దగ్గర. ఫ్రిజ్ మీది నంబర్ల ముందు కాసేపు నిలబడి, కారు తాళాలు తీసుకున్నాను.

చౌరస్తాలో ఆగాల్సి వచ్చింది. వెనక నుంచి మాట లేదు. మాట్లాడేందుకు దానికి ఊపిరి చాలడం లేదు. దారి దొరికింది, బ్రేకు వదిలాను. అద్దంలో పాప ఏనుగును ఒక చేత్తో ముఖానికి ఆనించుకుని, రెండో చెయ్యి ఎత్తి ఒక వేలు చూపించింది. కొంచెం ముందుకు పోయాక రెండు. మూడో వేలు లేచినప్పుడు నేను ఏడుస్తున్నాను. బండి మాత్రం కుదపలేదు.

డాక్టరు దగ్గర గంటసేపు మందు పొగ పీల్చాక పాప పెదవులకు రంగొచ్చింది. మాస్కు తీయగానే నన్ను దగ్గరికి పిలిచింది.

"చాచాకు ఫోన్ చెయ్యి. మూడు గేర్లూ పడ్డయని చెప్పు."

చేసి చెప్పాను.