దొరగారి తిథి

నేను కొత్తకోడలిగా బందరులో అడుగుపెట్టిన రోజున హాల్లో ఉన్న పెద్దల ఫోటోలకు దణ్ణం పెట్టమన్నారు. గోడమీద వరసగా నలుగురున్నారు. మామగారి తాత, నాన్న, అమ్మ, ఆ పక్కన తెల్ల యూనిఫాంలో ఒక ఇంగ్లీషు దొర. నలుగురికీ కుంకుమబొట్టు, నలుగురికీ గంధపు దండ. కొత్తకదా, నోరెత్తకుండా అందరికీ దణ్ణం పెట్టాను. ఆ ఇంట్లో నేను నోరెత్తకుండా ఉన్నది ఆ ఒక్క పూటే.

మా మామగారిది సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఆయనకు ఇరవయ్యేళ్ళు. వల పక్కన పెట్టి నేవీలో చేరి, ఒక యుద్ధనౌకలో ఈ దొరగారి గదిలో పనికి కుదిరారు. టీ పెట్టడం, బూట్లు తుడవడం, బట్టలు ఇస్త్రీ చేయడం ఆయన పని. దొరగారు గడ్డం గీసుకుంటూ తన కథంతా చెప్పేవారట. మామగారికి అప్పట్లో వచ్చిన ఇంగ్లీషు ఎస్సర్, నోసర్. మరి కథంతా ఎలా అర్థమైందని అడిగితే, అద్దంలో ముఖం కనబడుతుంటే అర్థం కాకపోవడమేమిటని నన్నే ఎదురు అడిగారు.

ఆ కథ ఇదీ. దొరగారిని పదమూడో ఏట నేవీ బడిలో వేశారు. మొదటి యుద్ధంలో, ఇంకా మీసమైనా రాకముందే, ఫిరంగుల మధ్య నిలబడి ఎడమచెవి పోగొట్టుకున్నారు. యుద్ధం అయిపోయాక ఇంతమంది ఆఫీసర్లు ఎందుకని సర్కారు చాలామందిని ఇంటికి పంపేసింది. దొరగారు కోళ్ళఫారం పెట్టారు. రెండువేల కోళ్ళు. పొద్దున్నే గంట కొడితే అన్నీ వరసలో నిలబడేవట. పదిహేడేళ్ళయ్యాక రెండో యుద్ధం వచ్చింది, సర్కారుకు దొరగారు గుర్తొచ్చారు. ముసలి ఆఫీసరుకు ఒక ముసలి ఓడనిచ్చి, బంగాళాఖాతంలో సరుకు ఓడలకు కాపలా తిరగమన్నారు. ఈ వీరగాథలో దొరగారి చేతిలో చచ్చినవి కచ్చితంగా కోళ్ళేనని మా అత్తగారి అభిప్రాయం.

ఇంతకీ మా గోడమీదకు ఎందుకొచ్చారంటే, ఓడ విశాఖలో ఉండగా మామగారికి తల్లి మంచాన పడిందని కబురొచ్చింది. మర్నాడే ఓడ కదలాలి, ఎవరికీ సెలవుల్లేవు. దొరగారు ఏమీ అడక్కుండా కాగితం మీద సంతకం చేసి వెళ్ళమన్నారు. మామగారు బందరు చేరేసరికి తల్లికి ఇంకా ఊపిరుంది. కొడుకు చేత్తో రెండు చెంచాల నీళ్ళు తాగి కన్నుమూసింది. మామగారిని తర్వాత వేరే ఓడకు వేశారు, దొరగారు మళ్ళీ కనబడలేదు. యుద్ధం అయ్యాక ఎవరిచేతో రెండు ఉత్తరాలు రాయించారు. జవాబు రాలేదు.

"ఉంటే రాసేవోడేనమ్మా. జవాబు రాయకుండా ఉండే మనిషి కాడు," అన్నారు నాతో.

కాబట్టి పోయారు. కాబట్టి దండ. ఏటా పెద్దల అమావాస్యనాడు మిగతా ముగ్గురికీ చేపల పులుసుతో విస్తరి వేస్తే, దొరగారి విస్తట్లో ఉడకబెట్టిన గుడ్డు, బన్ను, గ్లాసుతో టీ. కాకులకు ఆ విస్తరే ముందు కావాలి.

మామగారికి ఒక్కటే బెంగ. దొరగారు ఏ తిథినాడు పోయారో తెలియదు. సముద్రం మీద బతికేవాళ్ళు ఆటుపోట్లు చూసుకునేది తిథిని బట్టే. తారీఖు సర్కారుది, తిథి తమది. తల్లికి నీళ్ళు పోసే భాగ్యం ఇచ్చినవాడికి సొంత తిథి లేకుండా అందరితో కలిపి అమావాస్యనాడు పెట్టడం ఆయనకు సిగ్గుగా ఉండేది. నేను అవనిగడ్డ నుంచి బీయీడీ పట్టుకొచ్చిన ఇంగ్లీషు టీచర్ని కదా, ఆ పని నాకు పడింది. ఫలానా అధికారి స్వర్గస్థులైన తేదీ, వీలైతే గంటతో సహా తెలుపగలరని లండన్‌లోని నేవీ ఆఫీసుకు రాశాను.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. వణుకుతున్న చేతిరాత. అర్థమేమిటంటే: "అమ్మా, మీ ఉత్తరం ఆఫీసువారు నాకు పంపారు. మీరడిగిన తేదీ ఇంకా ఖరారు కాలేదు. అయిన వెంటనే తెలియజేసే ఏర్పాటు చేస్తాను."

కింద దొరగారి సంతకం. వయసు తొంభై అయిదు.

నేను నవ్వాపుకోలేకపోయాను. మామగారు మాత్రం కుర్చీలో కూలబడ్డారు. "బతికున్నోడికి దండేశాం. నలభై ఏళ్ళు తద్దినం పెట్టాం," అంటూ స్టూలెక్కి దండ తీసి, తడిగుడ్డతో బొట్టు తుడిచారు. చచ్చాడన్న అబద్ధపు కబురు ఆయుష్షు పెంచుతుందని, మనం అంత గట్టిగా నమ్మబట్టే ఆయన తొంభై అయిదు దాకా వచ్చాడని అత్తగారు సర్దిచెప్పారు. మామగారు వినలేదు. జరిగిందంతా రాసి క్షమాపణ అడగమని నా ప్రాణం తోడేశారు. దండ సంగతి, విస్తరి సంగతి, కాకుల సంగతి కూడా రాయించారు. జవాబు వచ్చేదాకా సరిగ్గా అన్నం తినలేదు.

జవాబులో దొరగారు కొన్ని సవరణలు చేశారు. పోయింది కుడిచెవి. కోళ్ళు రెండువందలు, ఏ గంటకూ ఏ కోడీ వరసలో నిలబడలేదు. "పెద్దతనం కదా, మర్చిపోయుంటాడు," అని మామగారు కొట్టిపారేశారు. విస్తట్లో టీ సంతోషమేగాని, పదిహేడేళ్ళు కోళ్ళతో కాపురం చేసినవాడికి గుడ్డు మాత్రం వద్దని రాశారు. క్షమాపణ ఊసే ఎత్తలేదు. చివర్న ఒక ప్రశ్న ఉంది.

"ఆ కుర్రాడు వాళ్ళమ్మ దగ్గరికి వేళకు చేరాడా? యాభై ఏళ్ళుగా నాకు తెలియదు."

అది తెలుగులో చదివి చెప్పి కాగితం, కలం తీసుకున్నాను. మామగారు ఆ జవాబు నన్ను రాయనివ్వలేదు. నాచేత పలకమీద రాయించుకుని, రెండురోజులు దిద్ది, ఇంగ్లీషులో తన చేత్తోనే రాశారు. చేరానండి, నా చేతి నీళ్ళు తాగిందండి అని రెండే ముక్కలు.

ఆ తర్వాత రెండేళ్ళలో నాలుగు ఉత్తరాలు నడిచాయి. అయిదోది దొరగారి కూతురు రాసింది. తేదీ రాసింది, రాత్రి పది గంటలని కూడా రాసింది. నాన్న పోగానే బందరుకు ముందు తెలియజేయమని కాగితం రాసిపెట్టారట. ఆ తేదీ కావాలని అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరని అందులో ఉందట.

అత్తగారు దండ కోసం బీరువా తెరవబోయారు. ముందు తిథి తేలాలని మామగారు ఆపారు. పంతులుగారు పంచాంగం తిరగేశారు. అక్కడి తారీఖు చూస్తే నవమి. అక్కడ రాత్రి పదంటే మనకు తెల్లవారుజాము, తారీఖు మారిపోయింది, దశమి. పోయినచోటి లెక్కే లెక్క, నవమేనని పంతులుగారు తేల్చారు.

మామగారు ఫోటోవైపు తిరిగారు.

"పోయింది అక్కడేనండీ. ఏడ్చేది ఇక్కడ కదా," అన్నారు.

పంతులుగారు దశమి అని కాగితం మీద రాసిచ్చారు.