లువీనియా నీలం టోపీని పడేయించిన సంగతి

మా మరదలు లువీనియా గురించి బెల్ ఫోర్క్‌లో ఎవర్నడిగినా ముందు దాని నోరు గురించే చెప్తారు. ఏళ్ళ తరబడి మా హైస్కూల్ వంటగదిలో గరిటె తిప్పుతోంది. జుట్టుకి వల కట్టుకుని, బీన్స్ వడ్డిస్తూ, వరసలో నిలబడ్డ పిల్లల్ని ఒక్కొక్కణ్ణీ కడిగిపారేస్తుంది. "ఏరా, కిటికీ అద్దం పగలగొట్టింది నువ్వేగా? నోరు తెరిచి చెప్పు. చేసేటప్పుడు లేని సిగ్గు ఒప్పుకునేటప్పుడు ఎక్కణ్ణుంచొచ్చిందిరా?" పిల్లాడు నీళ్ళు నమిలితే పళ్ళెంలో రొట్టె పడదు. ఒప్పుకుంటే రెండు పడతాయి. పెళ్ళిళ్ళయి పిల్లల్ని కన్నవాళ్ళు కూడా చర్చిలో అది ఎదురైతే ఇప్పటికీ సర్దుకుని నిలబడతారు.

మా తమ్ముడు దుంగల లారీ బోల్తాపడి పోయేనాటికి వాళ్ళ కొడుకు జకోరీ ఇంకా పాలపళ్ళవాడు. అప్పట్నుంచీ వాణ్ణి పెంచింది అదొక్కతే. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు, ఎవరి మాటా పడలేదు. మనిషి మంచిదే, నేను కాదన్ను. పొగరు మాత్రం బోలెడు.

జకోరీ తాడిచెట్టంత ఎదిగాడు. శుక్రవారం ఫుట్‌బాల్‌లో, మనుషుల్ని గుద్ది పడేసే ఆటది, హెల్మెట్ పెట్టుకుని వరసలో వంగున్నాడంటే, ఎదుటి ఊరి పిల్లలు బంతి సంగతి మర్చిపోయి వీడివైపే బితుకుబితుకుమంటూ చూసేవాళ్ళు. మైదానం దాటి బయటికొస్తే నోట్లో నాలుక లేనివాడు. దారిలో కుక్కపిల్ల అడ్డమొస్తే పక్కకి తప్పుకుని నడిచే రకం.

వాణ్ణి తమ జట్టులో ఆడించుకోడానికి రెండు కాలేజీలొచ్చాయి. నీలం టోపీ కాలేజీ చిన్నది, కొండల వైపు, నాలుగు గంటల దారి. వాళ్ళ కోచ్ యాన్సీ అనే ఆయన వీడు పదో తరగతిలో ఉన్నప్పట్నుంచీ వస్తున్నాడు. లువీనియా వంటింట్లో కూర్చుని ఆకుకూరా, మొక్కజొన్న రొట్టె మారు అడిగి తిన్నాడు. మా తమ్ముడి సమాధి దగ్గరికెళ్ళి కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. "అమ్మా, మీవాడి చదువూ తిండీ గదీ అన్నీ మావే. కాగితం సిద్ధంగా ఉంది, సంతకమే తరువాయి" అన్నాడు.

ఎర్ర టోపీ కాలేజీ సంగతి వేరు. మా రాష్ట్రంలో సగం ఇళ్ళ ముందు వాళ్ళ జెండాయే ఎగురుతుంది. వేసవి శిబిరంలో వాళ్ళ కోచ్ ఒకడు జకోరీ భుజం తట్టి, "నీకు మా దగ్గర చోటుంది బాబూ" అన్నాడట. తర్వాత ఎర్ర చొక్కాలో వీడి ఫొటో ఒకటి తయారుచేసి ఫోన్‌కి పంపాడు. అంతే! ఇక మా మరదలి కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఈ యవ్వారంలో ఉన్నవాళ్ళకి తెలుసు, "చోటుంది" అనే మాట వందమందికి చెప్తారని. "సరే, ఇవాళే వస్తామంటే తీసుకుంటారా?" అని మొహం మీద అడగాలి. అప్పుడు గానీ అది గింజో పొట్టో తేలదు. మా స్కూల్ కోచ్ అడగమని చెప్పాడు కూడా.

"అడిగితే అనుమానించినట్టు ఉండదూ? పెళ్ళికి పిలిచినవాళ్ళని భోజనం పెడతారా అని అడుగుతామా వదినా?" అంది నాతో లువీనియా. క్రిస్మస్ తర్వాత ఎర్రవాళ్ళ ఫోన్లు తగ్గిపోయాయి. పనుల్లో ఉన్నారంది.

ఫిబ్రవరిలో సంతకాల రోజు, అంటే ఏ కాలేజీకి ఆడతారో పిల్లలు ఊరందరి ముందూ చెప్పి సంతకం పెట్టే రోజు, రానే వచ్చింది. స్కూల్ జిమ్ కిటకిటలాడిపోయింది. బ్యాండు మేళం, పాస్టరు గారు, చర్చి ఆడవాళ్ళూ అందరూ వచ్చారు. బల్ల మీద రెండు టోపీలు, ఏది పెట్టుకుంటే ఆ కాలేజీకి వెళ్తున్నట్టు. గోడవారగా పెద్ద కేకు, దాని మీద గుడ్డ కప్పి ఉంది. లోపల ఎర్ర క్రీము అని నాకు తెలుసు, చేసింది లువీనియాయే కదా. జకోరీ బల్ల ముందు కూర్చున్నాడు, వెనక అదీ నేనూ నిలబడ్డాం. ఒక టోపీ మీదికి చెయ్యి పోనిచ్చి, జనం "ఓ" అనగానే చటుక్కున రెండోది తీసుకుని పెట్టుకోవడం ఇక్కడి ముచ్చట. జకోరీ నీలం టోపీ మీద చెయ్యి పెట్టాడు. జనం ఊపిరి బిగబట్టారు.

అప్పుడు లువీనియా వంగి వాడి చెవిలో, "కింద పడేయరా దాన్ని" అంది.

కిందటేడు పక్క ఊరి కుర్రాడెవడో అలా చేస్తే జనం ఈలలేసి గోల చేశారు. ఆ సరదా దీనికీ పుట్టింది. వాడు తల తిప్పి అమ్మ మొహంలోకి చూశాడు. అది కళ్ళతోనే "ఊఁ" అంది. వాడు మునివేళ్ళతో టోపీని తోసేశాడు. అది దొర్లుకుంటూ బ్యాండు వాళ్ళ కాళ్ళ దగ్గరికి పోయింది. జిమ్ అంతా ఒకటే నవ్వులు, కేకలు. వాడు ఎర్ర టోపీ పెట్టుకున్నాడు.

కేకు కోసి పంచుతూ ఉండగా స్కూల్ కోచ్ మమ్మల్ని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఎర్రవాళ్ళ కాగితం రాలేదు, రాదు. ఆ చోటు ఎప్పుడో నిండిపోయిందట. "మీకు తెలుసనుకున్నాం" అన్నారట ఫోన్లో. తలుపవతల మా ఊరంతా ఎర్రబడ్డ పళ్ళతో నవ్వుతూ కేకు తింటోంది. లువీనియా గోడకి చేరగిలబడింది. కేకు పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది.

సాయంత్రానికల్లా ఊరు మాట మార్చింది. "వాడికి ఎంత ఒళ్ళు బలుపు! అన్నం పెడతానన్నవాడి టోపీని తన్నినట్టు తోశాడు, దేవుడు చూడడా?" అన్నారు. ఆ వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. చూసినవాళ్ళంతా వాడి చెయ్యి గురించే మాట్లాడారు. వాడు పల్లెత్తు మాట అనలేదు. అదీ అనలేదు. దుకాణంలో మా ముందే ఒకావిడ వాణ్ణి తిట్టిపోస్తుంటే, ఇది ఉల్లిపాయలు ఏరుకుంటూ నిలబడింది. నా ఒళ్ళు మండిపోయింది.

"నువ్వే చెప్పావని చెప్పవే!" అన్నాను కారులో.

"ఇప్పుడు చెప్తే ఏమొస్తుంది వదినా? పోయిన పరువు తిరిగొస్తుందా?" అంది.

ఎవరి పరువు అని అడగబోయాను. దాని మొహం చూస్తే జాలేసింది.

జకోరీయే యాన్సీకి ఫోన్ చేశాడు. "ఫోన్లో కాదు, వచ్చి కనపడు" అన్నాడాయన. నా కారులోనే వెళ్ళాం. ఆయన గదిలో మూడు కుర్చీలు వేసి ఉంచాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. అలసిపోయినట్టు ఉన్నాడంతే.

"ఆ రోజు మా జట్టు పిల్లలందరూ టీవీ గదిలో చేరారు బాబూ, నువ్వు మా టోపీ పెట్టుకోగానే కేకలెయ్యాలని. నువ్వు వేరేది పెట్టుకుంటే పోనీ, నీ ఇష్టం. తోసెయ్యడం దేనికి?"

"తప్పు నాది సార్."

"ఎవరన్నా చెయ్యమన్నారా? నిజం చెప్పు. ఒకరు చెప్తే చేశావంటే అది కుర్రతనం. నీ అంతట నువ్వే చేశావంటే మాత్రం, నిన్ను మా పిల్లల మధ్యకి తీసుకురావాలా వద్దా అని నేను ఆలోచించుకోవాలి."

వాడి బతుకంతా ఆ మాట మీద నిలబడింది. కాలేజీ దొరక్కపోతే మా ఊళ్ళో మిగిలేది మళ్ళీ ఆ దుంగల లారీలే. నేను లువీనియా కాలు తొక్కాను. అది కాలు వెనక్కి లాక్కుంది. చేతిసంచీ గొళ్ళెం వేస్తుంది, తీస్తుంది.

"ఎవరూ చెప్పలేదు సార్, నేనే" అన్నాడు జకోరీ.

యాన్సీ వాడివైపు చూశాడు. తర్వాత ఓ చూపు లువీనియా వైపు. "సరే. చోటుంది. కానీ ముందు ఆ గదిలోకి పోయి మా పిల్లలకి ఈ మాటే చెప్పు" అన్నాడు. వాడు లేచి చొక్కా సర్దుకుని, ఒక్కడే ఆ వసారా వెంబడి నడుచుకుంటూ వెళ్ళాడు. అంత మనిషీ భుజాలు ముడుచుకుని వెళ్తుంటే నాకు కళ్ళనీళ్ళాగలేదు.

యాన్సీ మమ్మల్ని కారుదాకా సాగనంపాడు. నేను స్టీరింగ్ ముందు, లువీనియా పక్కన. ఆయన అద్దం దగ్గరికి వంగాడు.

"అమ్మా, ఆ వీడియో చాలాసార్లు చూశాను. మీ పెదాలు కదలడం కనిపిస్తూనే ఉంది."



"లోపల మీరేమన్నా అంటారేమోనని చూశాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నాకు తెలుసని మీవాడికి చెప్పకండి. అమ్మని కాపాడుకున్నానని అనుకుంటున్నాడు. అలాగే అనుకోనివ్వండి."

ఆయన వెళ్ళిపోయాడు. అది తల ఎత్తలేదు. నాకు నోటిదాకా వచ్చిన తిట్లన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఆ మొహాన్ని ఇంకేమని తిట్టను?

జకోరీ వచ్చాడు, కళ్ళు ఎర్రగా. వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు.

"కోచ్ ఏమన్నారమ్మా?"

"దారి జాగ్రత్త అన్నార్రా."

"అంతేనా?"

"అంతే."

వాడు వెనకనుంచి దాని భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు బెంగపడకమ్మా, ఇంకేం కాదు. నేనెవరికీ చెప్పన్లే" అన్నాడు. లువీనియా ఆ చేతిని తీసెయ్యనూ లేదు, పట్టుకోనూ లేదు. కారు కదిలాక, చేతిసంచీ మొహానికి అడ్డం పెట్టుకుంది.