కళింగపట్నంలో మైకు మోసిన కారు

బావ కారు అమ్మేస్తున్నాడని ఆదివారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఇంజను పోనాదంట. రేపు మూడింటికి మనిషొచ్చి తోలుకెలిపోతాడు. మీ బావ అన్నం తింతన్లేదు. నివ్వోపాలి వచ్చి సూడు తమ్ముడా" అంది. ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్పే తమ్ముడుండగా ఇంట్లో కారు చావడం ఆమెకి నామోషీ. సెలవు పెట్టాను.

సోమవారం ఉదయం ఏడింటికి విజయనగరంలో పాసింజరు ఎక్కాను. ఒళ్ళో స్కానరు పెట్టె. చీపురుపల్లిలో ఎక్కిన ఒక మామ్మ ఎదురుగా కూర్చుని దానికేసి చూసి, "ఏటి బాబూ, బీపీ మిషనా?" అంది.

"కారుకి చూసేది మామ్మా."

"కార్లకీ బీపీ వస్తన్నాదేటి!" అని చెయ్యి చాపింది. "మరి మనిసికి పన్జెయ్యదా?"

శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉంటుంది. కొత్తవాళ్ళు అక్కడ దిగి ఊరేదని వెతుక్కుంటారు. ఊళ్ళోకి వెళ్ళడానికి ఆటో ఎక్కాలి. తొమ్మిదిన్నరకి బస్టాండు పక్కన ఇడ్లీ తిని కళింగపట్నం బస్సు పట్టుకున్నాను. పదకొండుకి అక్క గుమ్మంలో ఉన్నాను.

బావ చర్చిలో సంఘపెద్ద. 2011 మోడల్ డీజిల్ కారు, అప్పటికి ఐదేళ్ళది. దాన్ని సబ్బునీళ్ళతో ఆఖరి స్నానం చేయిస్తున్నాడు. "సచ్చిపోనాది బావా. నల్లగా పొగొదుల్తాది, ఎత్తు ఎక్కదు. ఇంజను ఇప్పాలన్నాడు మెకానిక్కు" అన్నాడు. ఆ కళ్ళల్లోకి చూడలేకపోయాను.

స్కానరు తగిలించాను. గాలి సరిగా అందడం లేదని చూపించింది. గాలిని కొలిచే సెన్సరే చెడిందనుకుని గంటసేపు దాని చుట్టూ తిరిగాను. అది శుభ్రంగా ఉంది. అప్పుడు తట్టింది, అనుమానించాల్సింది ఈజీఆర్ వాల్వునని. ఇంజను వదిలిన పొగలో కొంత మళ్ళీ దానికే పంపే చిన్న తలుపది. మూసుకోకుండా ఇరుక్కుపోతే ఇంజను తన పొగే తాను పీలుస్తూ కూర్చుంటుంది. స్కానరు నుంచి మూసుకోమన్నాను. కదల్లేదు.

రుజువు కావాలి కదా. అక్క పౌడరు డబ్బా రేకు కత్తిరించి ఆ పొగ వచ్చే దారికి అడ్డంగా బిగించాను. "తోలు బావా" అన్నాను. కారు వీధి చివరిదాకా ఒక్క దూకు దూకింది. పొగ లేదు. బావ దిగి నన్ను వాటేసుకున్నాడు.

రేకు పరీక్షకే, దాన్ని అలా వదలకూడదు. వాల్వు విప్పితే లోపల అట్లపెనానికి పట్టినంత మసి. పాత బ్రష్షుతో రుద్దుతూ, "ఐదేళ్ళకే ఇంత మసేమిటి? దీన్ని ఎలా తోలుతున్నావు?" అన్నాను.

బావ కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అక్క చెప్పింది. "డిసెంబరొస్తే సాలు, కారు మీద మైకు కట్టీసి ఊరూరా క్యారల్సు. ఎనకాల ముసలోల్లు నడిసొస్తారు కదా, ఆల్ల నడకనే తోల్తాడు. బేటరీ దిగిపోద్దని పాట పాడినంతసేపూ ఇంజను ఆపడు. మిగతా రోజులేటి, కారు అరిగిపోద్దని నలబై దాటడు."

డీజిల్ ఇంజను బాగా వేడెక్కి పరిగెత్తకపోతే మసి కాలదు, లోపలే పేరుకుంటుంది. ముద్దు చేసి చంపడమంటే ఇదే. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

చేపల పులుసుతో భోంచేసి వాల్వు బిగించేసరికి మూడయింది. కొనేవాడు చెప్పిన టైముకే వచ్చాడు. బావ తాళంచెవి జేబులో వేసుకుని, "ఏటనుకోకు బాబూ, లేచి కూకున్నాది" అన్నాడు. అక్క అతనికి టీ ఇచ్చి పంపింది.

కారుకి పెద్ద రోడ్డు మీద పరుగు కావాలన్నాను. అందుకని నాలుగింటికి వాళ్ళే నన్ను విజయనగరంలో దిగబెట్టడానికి బయల్దేరారు. హైవే ఎక్కాక బావ భయపడుతూ ఎనభైకి తెచ్చాడు. అక్క కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. రణస్థలం దాటాక తెరిచి, "ఇలాగ ఎన్నాల్లకోపాలి తోలాలి?" అంది.

నిజానికి నెలకోసారి చాలు. ఐటీఐ పిల్లలకైతే అలాగే చెబుతాను. కానీ అక్క మా గడప తొక్కి మూడేళ్ళయింది.

"వారానికోసారి" అన్నాను. "కళింగపట్నం నుంచి విజయనగరం దాకా అయితే సరిగ్గా సరిపోతుంది."

బావ అద్దంలోంచి నన్ను చూసి, "నిజివేనేటి బావా?" అన్నాడు.

"ఐటీఐ మాస్టార్ని, నేను చెప్తున్నాను కదా."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మీ ఆవిడతో సెప్పు, ఆదివారం కూర నానే తెస్తాను" అంది.